మధ్యాహ్నం తప్పే మిషన్: ఒంగోలులో ఇంట్లో కట్టిన సీఎన్‌సీకి చీమకుర్తి రాయి వేసిన కేసు

మాది ఒంగోలులో మోటారు రివైండింగ్ షాపు, కాలిన మోటార్లకి రాగి తీగ మళ్లీ చుట్టే పని. కొత్తపట్నం వైపు నుంచి, ఇటు టంగుటూరు, సింగరాయకొండ వైపు నుంచి రొయ్యల చెరువుల్లో నీళ్లకి గాలి కలిపే ఏరేటర్ల మోటార్లు ఎక్కువగా వస్తాయి. ఉప్పు నీళ్ల మీద తిరిగే మోటార్లు కాబట్టి చాలాసార్లు వైండింగ్ కంటే ముందు టెర్మినల్ బోర్డు పోతుంది. వైర్లు కలిపే ఆరు స్టడ్లు బిగించే ఆ హైలం (కరెంటు పారని గట్టి షీటు) పలక మీద తేమా ఉప్పూ చేరి, ఒక స్టడ్డు నుంచి ఇంకో స్టడ్డుకి కరెంటు పాకి, నల్లటి గీత పడి కాలిపోతుంది. పాత మోటారైతే ఆ సైజు పలక బజార్లో దొరకదు. మేమే హైలం షీటు హ్యాక్సా బ్లేడుతో కోసి, సెంటర్ పంచ్ కొట్టి, డ్రిల్ వేసి, ఆకురాయితో అంచులు రుద్ది చేసేవాళ్లం, ఒక్కో పలకకి ముప్పావు గంట, అదీ చెయ్యి తిరిగిన కుర్రాడైతే.

సీఎన్‌సీ, అంటే కంప్యూటరు చెప్పిన గీత మీద తనే కోసే మిషన్, కట్టాలన్న ఆలోచన అక్కడ పుట్టింది. కట్టాను. కట్టాక దాదాపు ఎనిమిది నెలలు అది నాతో ఆడుకుంది. ఆ ఎనిమిది నెలల్లో ఏం జరిగింది, తప్పు ఎక్కడుంది, దాన్ని ఎక్కడెక్కడో ఎందుకు వెతికాను, చివరికి ఏం చేస్తే కుదిరింది, అంతా కొలతలతో సహా ఇక్కడ పెడుతున్నాను. ఇంట్లో ఇలాంటి మిషన్ కట్టుకుంటూ "స్టెప్స్ పోతున్నాయి, డ్రైవర్ మార్చాలా" అని తల పట్టుకున్నవాళ్ల కోసం రాస్తున్నా. స్టెప్స్ పోవడమంటే మోటారు తిరగాల్సినంత తిరగకపోవడం, డ్రైవరంటే మోటారుకి కరెంటు ఇచ్చే బోర్డు.

మిషన్ వివరం ముందు చెప్తాను. గ్యాంట్రీ, అంటే బల్లకి అడ్డంగా వంతెనలా ఉండే భాగం, ముందుకీ వెనక్కీ నడిచే రకం రౌటరు, పని చేసే జాగా 450 బై 650 మి.మీ. అన్ని వైపులా 20 సైజు లీనియర్ రైళ్లు (మీద బ్లాకులు జారే ఉక్కు పట్టాలు), 16 మి.మీ. లావు, 5 మి.మీ. లీడు (చుట్టుకి జరిపే దూరం) ఉన్న బాల్ స్క్రూలు, నెమా 23 సైజు స్టెప్పర్ మోటార్లు నాలుగు, అందులో రెండు గ్యాంట్రీ నడిచే వై అక్షానికి, గ్యాంట్రీకి చెరో పక్కా ఒకటి. మొదట్లో టీబీ6600 డ్రైవర్లు, వాటికి ఇంటి కరెంటుని డీసీగా మార్చి ఇచ్చే 24 వోల్టుల ఎస్‌ఎంపీఎస్. బుర్ర ఆర్డ్వినో ఊనో బోర్డు, దాంట్లో మిషన్‌ని నడిపే జీఆర్‌బీఎల్ 1.1 సాఫ్ట్‌వేర్. కటింగ్ బిట్టుని తిప్పే స్పిండిల్ మోటారు ఒకటిన్నర కిలోవాట్, గాలి కూలింగ్, 24,000 ఆర్‌పీఎం, ఫ్రీక్వెన్సీ మార్చి స్పీడు మార్చే వీఎఫ్‌డీ డ్రైవ్ మీద నడుస్తుంది.

వీఎఫ్‌డీ మాట వచ్చింది కాబట్టి ఇక్కడే ఒక విషయం చెప్పేస్తా, మళ్లీ మర్చిపోతాను. ఈ స్పిండిళ్లు 400 హెర్ట్జ్ దగ్గర నడవడానికి చుట్టినవి. డ్రైవ్‌లో బేస్ ఫ్రీక్వెన్సీ 50కే ఉండిపోయిందనుకోండి, 50 హెర్ట్జ్ దగ్గరే పూర్తి వోల్టేజీ పోతుంది, వైండింగ్ నిమిషాల్లో కాలుతుంది. అలా కాలినవి నా షాపుకే రెండు వచ్చాయి, రెండూ కొత్తవే, ఆ వాసన ఇంకా గుర్తుంది. బేస్, గరిష్ఠం రెండూ 400 పెట్టుకున్నాకే మొదటిసారి స్టార్ట్ బటన్ నొక్కండి. కింద వైపు కూడా 120 హెర్ట్జ్ కంటే దిగకుండా పెట్టుకుంటే మంచిది, గాలి కూలింగ్ ఫ్యాను అదే షాఫ్టు మీద తిరుగుతుంది కదా, నెమ్మదిగా తిరిగితే గాలి చాలదు.

ఫ్రేము మాత్రం 40 బై 80 ఇనుప గొట్టాలు వెల్డింగ్ చేయించి కట్టాను. గ్యాంట్రీ దూలం అల్యూమినియం ప్రొఫైల్. ఈ రెండు వాక్యాలు గుర్తుపెట్టుకోండి, కేసంతా వీటిలోనే ఉంది.

తప్పు ఎలా కనిపించిందంటే

మొదటి నెల మురిపెంగా గడిచింది. చెక్క మీద అక్షరాలు, దేవుడి బొమ్మలు, మా పాప పేరు, అన్నీ చక్కగా వచ్చాయి. తర్వాత అసలు పని, టెర్మినల్ పలక, మొదలుపెట్టాను. 6 మి.మీ. హైలం, ఆరు రంధ్రాలు రెండు వరసల్లో, నాలుగు మూలలా ఫిక్సింగ్ రంధ్రాలు, చుట్టూ కటింగ్. ఒక షీటులో ఎనిమిది పలకలు పెట్టాను. మొదటి మూడు పలకలు ముద్దుగా వచ్చాయి. నాలుగో దాంట్లో రెండో వరస రంధ్రాలు జరిగాయి. ఐదోది మొత్తంగా జరిగింది. వెర్నియర్ పెట్టి చూస్తే 0.4 మి.మీ. ఇంకోరోజు 0.2. ఒకరోజు ఏకంగా 0.8. పావు మిల్లీమీటరు తేడా వచ్చినా స్టడ్డు దూరుతుంది గానీ, పైన స్టడ్లని కలిపే స్టార్ డెల్టా లింకు పట్టీలు కూర్చోవు. బలవంతంగా కూర్చోబెడితే పలక మీద ఒత్తిడి పడి స్టడ్డు దగ్గర పగులుతుంది. ఆ పలక రొయ్యల చెరువులో రాత్రి రెండింటికి కాలిందంటే, ఏరేటర్లు ఆగి తెల్లారేసరికి రైతు చెరువులో రొయ్యలు చచ్చిపోతాయి. కాబట్టి "పర్లేదులే" అనుకునే పని కాదిది.

రెండు సంగతులు గమనించాను. ఒకటి, స్పీడు తగ్గిస్తే తప్పు పోతోంది. నిమిషానికి 3000 మి.మీ. దగ్గర తప్పుతున్నది 800కి దించితే తప్పడం లేదు. రెండు, పొద్దున పూట, రాత్రి పూట బాగానే ఉంటోంది, మధ్యాహ్నం పన్నెండు దాటితే మొదలవుతోంది.

నేను కరెంటు మనిషిని. పాతికేళ్లుగా చేతిలో మెగ్గరూ మల్టీమీటరూ. ఈ రెండూ వినగానే నాకు తోచిన జవాబు ఒకటే. మధ్యాహ్నం వీధిలో అందరూ ఏసీలు వేస్తారు, వోల్టేజీ పడుతుంది, మోటారుకి బలం చాలడం లేదు. మల్టీమీటరు పెట్టి చూస్తే నిజంగానే మధ్యాహ్నం 195 వోల్టులు ఉంది, పొద్దున 228. ఇంకేం కావాలి, దొరికింది అనుకున్నాను. ఎస్‌ఎంపీఎస్ అవుట్‌పుట్ కూడా ఆ రోజే కొలిచాను. పొద్దునా 24.0, మధ్యాహ్నమూ 24.0, అంటే వీధిలో వోల్టేజీ పడినా డ్రైవర్లకి అందేది పడటం లేదు. ఆ అంకె నోట్‌బుక్కులో నా చేతిరాతతోనే ఉంది. దాన్ని చూసి కూడా పట్టించుకోలేదు. నా వాదనకి సరిపోయే 195ని తీసుకున్నాను, సరిపోని 24.0ని వదిలేశాను.

అక్కడి నుంచి ఖర్చు మొదలైంది. ముందు డ్రైవర్ కరెంటు పెంచాను, మోటార్లు చెయ్యి పెట్టలేనంత వేడెక్కాయి, తప్పు తగ్గలేదు. స్టెబిలైజరు పెట్టాను. డ్రైవర్లు నాలుగూ తీసి డీఎం542లు వేశాను. ఎస్‌ఎంపీఎస్ 36 వోల్టులకి మార్చాను. ఇక్కడ ఒక మాయ జరిగింది. 36 వోల్టులకి మార్చాక తప్పు సగానికి సగం తగ్గింది. స్టెప్పర్ మోటారుకి వోల్టేజీ ఎక్కువిస్తే వేగంగా తిరిగేటప్పుడు టార్కు పడిపోవడం తగ్గుతుంది, అందులో వింత లేదు. కానీ అది చూసి నా అనుమానం రూఢి అయిపోయింది, ఇంకా ఎలక్ట్రికల్‌లోనే తవ్వాలి అని.

తవ్వితే నిజంగానే ఇంకో తప్పు దొరికింది కూడా. స్పిండిల్ ఆన్ చేయగానే అప్పుడప్పుడు జీఆర్‌బీఎల్ అలారం 1 అని ఆగిపోయేది, అంటే ప్రయాణం చివర ఉండే లిమిట్ స్విచ్ తగిలిందని దాని లెక్క, తగిలిందేమీ లేదు. వీఎఫ్‌డీ నుంచి స్పిండిల్‌కి వెళ్లే వైరూ, లిమిట్ స్విచ్ వైర్లూ ఒకే కేబుల్ చైన్‌లో పక్కపక్కన పోతున్నాయి. ఆర్డ్వినో లోపల స్విచ్ పిన్ను వోల్టేజీని పైన పట్టి ఉంచే పుల్అప్ రెసిస్టరు 20 నుంచి 50 కిలోఓముల దాకా ఉంటుంది, చాలా బలహీనం, పక్కన వీఎఫ్‌డీ వైరు ఉంటే ఆ గోలని (ఎలక్ట్రికల్ నాయిస్‌ని) అది ఆపలేదు. స్పిండిల్‌కి షీల్డు ఉన్న నాలుగు కోర్ల కేబుల్ వేసి, షీల్డుని వీఎఫ్‌డీ వైపు ఎర్త్ చేసి, స్విచ్ వైర్లు వేరే దారిన తీసి, ఒక్కో లిమిట్ పిన్నుకి 4.7 కిలోఓముల పుల్అప్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు వేశాను. అలారం మళ్లీ రాలేదు. ఈ పని అందరూ చేసుకోవాల్సిందే. కానీ నా పలకలు మాత్రం మధ్యాహ్నం అలాగే తప్పుతున్నాయి. అప్పటికి పదకొండు వేలు పోయాయి.

లేత్ షాపులో

మా షాపుకి నాలుగు గుమ్మాల అవతల ఒక లేత్ షాపు ఉంది. మోటార్ల షాఫ్టులు అక్కడే టర్నింగ్ చేయిస్తాం. అక్కడి పెద్దాయన్ని నేను చిన్నప్పటి నుంచి బాబాయ్ అనే పిలుస్తా. ఒక షాఫ్టు తెచ్చుకోవడానికి వెళ్లి ఈ గోడు వెళ్లబోసుకున్నాను. ఆయన చేతిలో పని ఆపకుండానే అంతా విని, "కరెంటు తీసేసి చేత్తో లాగి చూశావంట్రా?" అన్నాడు.

లాగలేదు. కట్టినప్పుడు ఒకసారి లాగాను, చల్లగా ఉన్న డిసెంబరు పొద్దున, గ్యాంట్రీ నున్నగా నడిచింది. అంతే, మళ్లీ ఎప్పుడూ చూడలేదు.

"మిషన్ ఎక్కడ పడితే అక్కడ తప్పుతోందా, ఒకే చోట తప్పుతోందా?" అని కూడా అడిగాడు. దానికీ నా దగ్గర జవాబు లేదు. ఎనిమిది నెలల్లో నేను కొలిచినవన్నీ వోల్టులూ ఆంపియర్లే.

ఆ మధ్యాహ్నమే, షెడ్డులో 43 డిగ్రీలు ఉన్నప్పుడు, మిల్లీమీటరులో వందో వంతు కదలికని ముల్లుతో చూపే డయల్ గేజ్ పెట్టాను. వై ప్రయాణాన్ని మూడు ముక్కలు చేశాను. సున్నా నుంచి 200 దాకా ఇరవైసార్లు ముందుకీ వెనక్కీ తిప్పి మళ్లీ మొదటికి తెస్తే ముల్లు సున్నా మీదే ఉంది. 450 నుంచి 650 దాకా ఇరవైసార్లు, అక్కడా సున్నా. మధ్య ముక్క, 200 నుంచి 450, ఇరవైసార్లు తిప్పితే 0.40 తేడా. అదే వైరు, అదే డ్రైవరు, అదే వోల్టేజీ. కరెంటులో దోషముంటే మూడు చోట్లా కనిపించాలి కదా. ఒకే చోట కనిపిస్తోందంటే ఆ చోట ఇనుములోనే ఏదో ఉంది.

ఇంకో సంగతి అప్పుడు తట్టింది, ముందే తట్టాల్సింది. తప్పులన్నీ 0.1, 0.2, 0.4, 0.8. ఎప్పుడూ 0.1 గుణిజాలే. ఈ మోటారు రోటరుకి 50 పళ్లు, ఒక పన్నుకి నాలుగు ఫుల్ స్టెప్పులు, చుట్టుకి 200. బలం చాలక జారిందంటే రోటరు ఒక పన్ను మొత్తం వెనక్కి పోయి మళ్లీ పట్టుకుంటుంది, మధ్యలో నిలబడలేదు. 5 మి.మీ. లీడు మీద ఒక పన్ను అంటే సరిగ్గా 0.1. గోల వల్ల పల్సులు పోతే తేడా ఇలా ఉండదు. నాది ఒక ఫుల్ స్టెప్పుని 8 మైక్రోస్టెప్పులుగా విడగొట్టిన సెట్టింగు, మి.మీ.కి 320 పల్సులు, ఒక పల్సు పోతే 0.003 తేడా, కాబట్టి 0.016, 0.053 అని ఎలాంటి అంకైనా రావచ్చు. నా నోట్‌బుక్కులో అలాంటి అంకె ఒక్కటీ లేదు. అంటే పల్సులు సరిగ్గానే వెళ్తున్నాయి, మోటారు వాటితో పాటు కదల్లేకపోతోంది, ఏదో అడ్డం పడుతోంది.

రెండు బాల్ స్క్రూల నట్లూ గ్యాంట్రీ నుంచి విప్పేసి, పాత పేపర్లు కొనేవాళ్ల దగ్గరుండే 25 కిలోల స్ప్రింగు కాటా ఒకటి తెచ్చి, దాని కొక్కెం గ్యాంట్రీకి తగిలించి లాగాను. చివర్లలో రెండు కిలోలకే కదిలింది. మధ్యకి వచ్చేసరికి ఐదు, పది, పదిహేను. 330 దగ్గర కాటా ముల్లు 25కి కొట్టుకుంది, గ్యాంట్రీ కదల్లేదు. మర్నాడు తెల్లవారుజామున ఐదింటికి, షెడ్డులో 28 డిగ్రీలు ఉన్నప్పుడు, అదే చోట అదే కాటాతో లాగితే ఆరు కిలోలు.

కాగితం మీద చూస్తే 1.9 న్యూటన్ మీటర్ల మోటారు 5 మి.మీ. స్క్రూ మీద నిలబడి ఉన్నప్పుడు దాదాపు 240 కిలోల తోపు ఇస్తుంది. ఆ లెక్క చూసే నేను మెకానికల్ వైపు చూడలేదు, పాతిక కిలోలు దానికొక లెక్కా అని. కానీ 3000 స్పీడు అంటే స్క్రూ 600 ఆర్‌పీఎం. ఆ వేగంలో 24 వోల్టుల మీద టార్కు నాలుగో వంతో ఐదో వంతో మిగులుతుంది. గ్యాంట్రీ బరువుని ఉరికించడానికి కొంత పోతుంది, కటింగ్‌కి కొంత. పట్టేసిన గ్యాంట్రీ కొంచెం వంకర తిరిగితే మోటార్లు రెండూ ఒకదానికొకటి ఎదురు తోసుకుంటాయి, అక్కడ కొంత. ఇక ఏం మిగిలింది.

ఎందుకు పట్టేస్తోందో తేల్చడానికి ఒక రైలు బ్లాకుకి పొడుగాటి గొట్టం కట్టి, దాని చివర డయల్ గేజ్ పెట్టి, ముల్లుని రెండో రైలుకి ఆనించి నడిపాను. రెండు చివర్లా రైళ్ల మధ్య దూరం ఒకటే, మధ్యలో 0.4 మి.మీ. తక్కువ. సరిగ్గా అక్కడే కింద అడ్డ గొట్టం వెల్డింగ్ ఉంది. వెల్డు చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది, ముడుచుకుంటూ రెండు పక్కల గొట్టాల్నీ లోపలికి గుంజింది. వెల్డింగ్ చేసిన కుర్రాడి తప్పు కాదు, గేటుకీ కిటికీకీ ఆ 0.4 ఎవరికీ కనపడదు. వెల్డింగ్ అయ్యాక పైభాగం మిల్లింగ్ చేయించకుండా నేరుగా రైళ్లు బిగించడం నా నిర్ణయం.

మరి మధ్యాహ్నం సంగతి? అల్యూమినియం మీటరుకి డిగ్రీకి 0.023 మి.మీ. పెరుగుతుంది, ఇనుము 0.012. నా రైళ్ల మధ్య 700 మి.మీ. పొద్దున 28, మధ్యాహ్నం 43, తేడా 15 డిగ్రీలు. పైనున్న అల్యూమినియం దూలం కిందనున్న ఇనుప ఫ్రేము కంటే 0.115 మి.మీ. ఎక్కువ సాగింది. అసలే మధ్యలో ఇరుగ్గా ఉన్న రైళ్లని లోపలి నుంచి మోకాళ్లతో తన్నినట్టు బయటికి తోస్తోంది. ఒంగోలు ఎండ నా మిషన్‌ని పట్టేసింది, నేను ఏసీల మీద వేశాను.

రాయి

ఇనుప ఫ్రేము మళ్లీ చేయించి, వేడి చేసి ఒత్తిడి తీయించి, పైన మిల్లింగ్ చేయించాలంటే అంత పెద్ద సైజు పట్టే మిషన్ మా చుట్టుపక్కల సులువుగా దొరకదు, ఖర్చూ ఎక్కువే. ఇంతలో బాబాయే అన్నాడు, కొలతలు చూసే గదుల్లో బల్లలు రాతివే ఉంటాయిరా అని. నిజమే, సర్ఫేస్ ప్లేట్లూ కొలత మిషన్ల బెడ్లూ నల్లరాయితోనే చేస్తారు. ఆ నల్లరాయి కోసం మనం ఎక్కడికో పోవాలా? కర్నూలు రోడ్డు ఎక్కితే అరగంటలో చీమకుర్తి. నల్లటి ఒంటి మీద బంగారు చుక్కలుండే గెలాక్సీ రాయి ప్రపంచమంతా ఇక్కడి నుంచే పోతుంది. ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం, వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ రాళ్ల శాస్త్రం ప్రకారం గాబ్రో జాతి.

పాలిషింగ్ యూనిట్ల దగ్గర మూల విరిగినవీ గీత పడినవీ పక్కన పడేస్తారు. 30 మి.మీ. మందంలో, 1100 బై 850కి కోయించుకునేంత ముక్క ఒకటి పదిహేను వందలకి ఇచ్చారు. ఆటోకి ఆరు వందలు. బరువు సుమారు 80 కిలోలు, నలుగురం దించాం.

రాయి ఎందుకు మంచిదంటే, ఒకటి, వెల్డింగ్ లేదు కాబట్టి లోపల గుంజుకునే ఒత్తిడి లేదు, కోట్లాది ఏళ్లుగా చల్లారి ఉంది. రెండు, వేడికి తక్కువ పెరుగుతుంది, మీటరుకి డిగ్రీకి ఇంచుమించు 0.007. మూడు, కంపనాన్ని మింగుతుంది. ఇనుప గొట్టం మీద రెంచితో కొడితే గంటలా మోగుతుంది, రాయి మీద కొడితే టక్కుమని ఆగుతుంది. హైలం కోసేటప్పుడు ఆ తేడా అంచు మీద కనిపిస్తుంది.

అయితే ఇక్కడ ఒక చిక్కుంది, తొందరపడి ఉంటే మళ్లీ అదే గోతిలో పడేవాణ్ణి. రాయి తక్కువ పెరుగుతుంది కాబట్టి దాని మీద అల్యూమినియం దూలం పెడితే తేడా ఇంకా ఎక్కువవుతుంది. పాత లెక్కే వేస్తే 0.17 మి.మీ. అందుకని దూలాన్ని కూడా మార్చి ఇనుప గొట్టం పెట్టాను. ఇనుముకీ రాయికీ తేడా 0.05. అది బ్లాకులు భరిస్తాయి.

పాలిష్ చేసిన రాయి అద్దంలా ఉంటుంది గానీ మట్టంగా ఉండదు. పాలిషింగ్ లైన్లో రాపిడి తలలు రాయి వాలుని పట్టుకునే పోతాయి. బాబాయ్ దగ్గరున్న మీటరు స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకు) దూర్చితే మధ్యలో 0.3 పల్లం ఉంది. అందుకే రైళ్లు నేరుగా రాయి మీద పెట్టలేదు. 50 బై 12 బ్రైట్ బార్ ఇనుప పట్టీలు రెండు, మీటరు పొడవు, వాటి మీద రైలుకి 60 మి.మీ.కి ఒకటి చొప్పున ఎం5 ట్యాపులు (మరలున్న రంధ్రాలు) కొట్టి, ఆ పట్టీల్ని రాయికి ఐదేసి ఎం8 బోల్టులతో పట్టించి, పట్టీకీ రాయికీ మధ్య ఎపాక్సీ పోశాను. రాయికి ముప్పై నాలుగు రంధ్రాలు గురి తప్పకుండా వేయడం అయ్యే పని కాదు, పది వేయడం అవుతుంది, అవి కాస్త జరిగినా పర్లేదు.

రాయికి రంధ్రాలు 14 మి.మీ. డైమండ్ కోర్ బిట్టుతో. గోధుమపిండి ముద్దతో చుట్టూ గట్టు కట్టి, లోపల నీళ్లు పోసి, డ్రిల్లుని కొంచెం కొంచెం ఎత్తుతూ దించుతూ పోవాలి. నీళ్లు లేకుండా చేస్తే బిట్టూ పోతుంది, ఆ రాతి దుమ్ము మన ఊపిరితిత్తుల్లోకీ పోతుంది. కింద ప్లైవుడ్ ముక్క అదిమి పెట్టకపోతే బిట్టు బయటికొచ్చే చోట రాయి పెచ్చు లేస్తుంది. మొదటి రంధ్రానికి అరగంట పట్టింది, పదోదానికి పన్నెండు నిమిషాలు.

డయల్ గేజ్ మాగ్నెట్ స్టాండు రాయికి అంటుకోదు, ఈ సంగతి పని మొదలుపెట్టేదాకా తట్టలేదు. ఒక ఇనుప పలక రాయికి అంటించి దాని మీద స్టాండు పెట్టుకున్నా.

పట్టీల మట్టం చూడటానికి పెద్ద సామాను లేదు. పట్టీలో ప్రతి బోల్టు పక్కనా తల లేని ఒక చిన్న గ్రబ్ స్క్రూ పెట్టాను, అది రాయి మీద ఆనుతుంది, తిప్పితే పట్టీ లేస్తుంది. స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి ముందు ఒక్కో పట్టీ నిడివి సరిచేశాను. తర్వాత రెండు పట్టీలూ ఒకే తలంలో ఉన్నాయా చూడాలి. దానికి కొత్తపట్నంలో జాలర్లు వాడే సన్న గాలపు దారం తెచ్చి నాలుగు మూలల నుంచీ అడ్డంగా రెండు దారాలు బిగించాను, ఎక్స్ ఆకారంలో. రెండూ మధ్యలో ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు ఉంటే మెలిక లేదు. మధ్యలో సందు ఉంటే దానికి రెట్టింపు ఒక మూల లేచినట్టు. మొదటిసారి అర మిల్లీమీటరు సందుంది, అంటే ఒక మూల ఒక మిల్లీమీటరు. గ్రబ్ స్క్రూలు తిప్పుతూ, కింద దారం మీదికీ మీద దారం కిందికీ మార్చి చూస్తూ, ఆ ఒక్క పనికి సాయంత్రం నుంచి రాత్రి పదకొండు దాకా పట్టింది. ఈ మొత్తం పనిలో నాకు బాగా నచ్చిన గంటలు అవే. మా ఆవిడ టార్చి పట్టుకుని నిలబడి, "ఇప్పుడు తాకింది, ఇప్పుడు తాకలేదు" అని చెబుతుంటే, దారం వణుకు చూసి తాకిందో లేదో నాకంటే తనే బాగా పట్టుకుంది.

ఎపాక్సీ నెమ్మదిగా గట్టిపడే రకమే వాడాలి, ఐదు నిమిషాల రకం వద్దు. దాంట్లో ఎండిన గ్రానైట్ పొడి కలిపి పట్టీ కిందికి ఎక్కించి, రెండు రోజులు ముట్టుకోలేదు.

రైళ్లు బిగించేటప్పుడు రెండింటినీ విడివిడిగా కొలిచి బిగించే ప్రయత్నం మళ్లీ చేయలేదు. ఒకదాన్ని స్ట్రెయిట్ ఎడ్జ్‌కి ఆనించి పూర్తిగా బిగించాను. రెండోదాన్ని వదులుగా పెట్టి, గ్యాంట్రీని దాని మీద ఎక్కించి, ముందుకీ వెనక్కీ లాగుతూ, గ్యాంట్రీ ఎక్కడుంటే అక్కడి బోల్టు బిగిస్తూ పోయాను. రెండో రైలు తన చోటు తానే వెతుక్కుంటుంది.

రాతి బెడ్డుని పాత ఫ్రేము మీదే కూర్చోబెట్టాను, పారేయలేదు. కానీ మూడు రబ్బరు దిమ్మల మీద మాత్రమే. నాలుగు పెడితే వంకర ఫ్రేము తన మెలికని రాయికి ఎక్కిస్తుంది. ముక్కాలి పీట ఎక్కడైనా నిలబడుతుంది కదా, అదే కారణం.

మూలమట్టం

గ్యాంట్రీ చతురస్రంగా ఉందా లేదా చూడటానికి బేల్దారి మేస్త్రీలు పునాది గీసేటప్పుడు చూసే 3-4-5 లెక్కే వాడాను. మిషన్‌తోనే ప్లైవుడ్ మీద 300 బై 400 దీర్ఘచతురస్రం నాలుగు మూలలా సన్న రంధ్రాలు వేయించాను. కర్ణాలు రెండూ 500 రావాలి. ఒకటి 500.6, ఇంకొకటి 499.4 వచ్చాయి. తేడా 1.2. ఈ సైజు మీద తేడాని 480తో భాగిస్తే వాలు వస్తుంది, 0.0025, అంటే మీటరుకి రెండున్నర మి.మీ. నా రైళ్ల మధ్య 700 కాబట్టి గ్యాంట్రీ ఒక పక్క 1.75 మి.మీ. ముందుంది. స్క్రూ లీడు 5, కాబట్టి ఒక పక్క స్క్రూని 0.35 చుట్టు వెనక్కి తిప్పాలి, మూడోవంతు కంటే పిసరు ఎక్కువ. కరెంటు తీసేసి, గ్యాంట్రీ పక్క పలకల బోల్టులు వదులు చేసి, తిప్పి, మళ్లీ బిగించాను. ఆ బోల్టులు వదులు చేయకుండా తిప్పితే గ్యాంట్రీ మెలికపడి మళ్లీ పట్టేస్తుంది. రెండో ప్రయత్నానికి కర్ణాలు 500.0, 500.1. స్టీలు స్కేలుతో నా కంటికి అంతకంటే దొరకదు.

ఇప్పుడెలా ఉంది

మే నెల మధ్యాహ్నం రెండింటికి, షెడ్డులో 44 డిగ్రీలు, స్ప్రింగు కాటా ఈ చివర నుంచి ఆ చివరి దాకా 1.8 నుంచి 2.2 కిలోల మధ్యే చూపించింది. 3000 స్పీడులో మొత్తం ప్రయాణం యాభైసార్లు తిప్పి మొదటికి తెస్తే డయల్ గేజ్ తేడా 0.01. ఆ రోజు వీధిలో వోల్టేజీ 192. హైలం ఎనిమిది పలకల షీటు మొత్తం ఒక్కటీ జరగకుండా వచ్చింది, ఒక్కో పలకకి తొమ్మిది నిమిషాలు. లింకు పట్టీలు వేళ్లతో పెడితే కూర్చున్నాయి.

మొత్తం మిషన్‌కి 78 వేలు అయింది, అందులో ఎలక్ట్రికల్ మీద పోసిన పదకొండు వేలు కలిపి. డీఎం542లూ 36 వోల్టులూ వృథా అని అనను, వాటితో మిషన్ మెరుగ్గానే నడుస్తోంది. కానీ కాటా ధర రెండు వందల యాభై. అది ముందు కొని ఉంటే ఈ కేసు ఒక మధ్యాహ్నంలో తేలేది. ఇప్పుడు ఎవరైనా స్టెప్స్ పోతున్నాయని షాపుకి వస్తే ముందు నేను అడిగేది ఏ డ్రైవరు అని కాదు, స్క్రూ విప్పి ఎన్ని కిలోలకి కదులుతోందో, చల్లటి వేళా వేడి వేళా రెండుసార్లు కొలిచి చెప్పమంటున్నా.

ఇంకా కుదరనివి ఉన్నాయి. సముద్రం దగ్గర గాలి కాబట్టి వారం వాడకపోతే రైళ్ల మీద ఎర్రటి పొడ వస్తోంది, రోజూ సాయంత్రం నూనె గుడ్డతో తుడవాల్సి వస్తోంది. హైలం దుమ్ము గ్రీజులో కలిసి గట్టి ముద్దవుతోంది, వాక్యూమ్ గొట్టం స్పిండిల్‌కి కట్టాక చాలావరకు తగ్గింది, అయినా నెలకోసారి బ్లాకులు కడుగుతున్నా. ఆ దుమ్ము మంచిది కాదు, మాస్కు లేకుండా మా కుర్రాళ్లని షెడ్డులోకి రానివ్వను. ఇక స్పిండిల్‌ని పైకీ కిందికీ నడిపే జెడ్ అక్షం వంద మి.మీ. దిగేసరికి 0.08 ముందుకి వాలుతోంది. 6 మి.మీ. హైలానికి అది లెక్కలోకి రాదు, కానీ బాబాయ్ 40 మి.మీ. మందం అల్యూమినియం దిమ్మ ఒకటి తెచ్చి షెడ్డులో పెట్టి పోయాడు, దాంట్లో బేరింగు గుంట తీసిపెట్టమని. దానికి మాత్రం లెక్కలోకి వస్తుంది. దూలానికీ జెడ్ పలకకీ మధ్య పై వైపు శీతల పానీయం డబ్బా రేకు పెట్టి చూడాలి, అది సుమారు 0.1 మందం ఉంటుంది. ఈ ఆదివారం ఆ పని.